జటాయువు వంశం

అమరావతి రేవులో కృష్ణవేణీ జలాలతో పితృదేవతలకు తర్పణం విడిచే గృహస్థునికి, శ్రీరామచంద్రుడు గోదావరిలో జటాయువుకు విడిచిన ఉదకం స్ఫురణకు రాకపోదు. దశరథ మహారాజుతో సమానంగా భావించి, స్వామి ఆ గృధ్రరాజుకు స్వయంగా దహన సంస్కారం కావించాడు. శవాలను తినే పక్షి కదా అని సంకోచించలేదు.

ఆ రాబందుల జాతి మన దేశంలో 1990ల నుండి క్షీణించసాగింది. తెల్లవీపు రాబందులు 1992-2007 మధ్య వేయింటికి ఒక్కటిగా మిగిలాయి. వాటిని వేటగాడు చంపలేదు. నొప్పితో బాధపడే పశువులకు డైక్లోఫినాక్ అనే మందు ఇచ్చేవారు. ఆ పశువు మరణిస్తే, కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి ప్రాణం పోయేది. కారణం 2004లో తేలింది. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి ఇంతటి నష్టాన్ని ఎన్నాళ్లకు పూడ్చుకోగలదు? వాటికి ఆహారం కావలసిన కళేబరాలు ఊరి వెలుపల కుళ్ళి, వీధికుక్కల పాలవుతున్నాయి.

గోవు బాధ చూడలేక మందు వేసినవానికి ఈ పాపం అంటుతుందా? తెలియక చేసినంతవరకు అతనిది భూతదయే. దోషమనడం న్యాయం కాదు. తెలిసిన తరువాతి మాట వేరు. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించిన పిమ్మట కూడా, మనుష్యులకై అమ్మే పెద్ద సీసాలు పశువుల కొట్టాలకు చేరాయి! 2015లో వాటినీ కట్టడి చేయవలసి వచ్చింది. గోవు నొప్పి తీర్చడానికి మెలాక్సికామ్ ఉన్నది. అది రాబందుకు హాని చేయదు.