దారి ఎవరిది?

ఎర్రదీపం ముందు అందరూ సమానమేనని మనకో నమ్మకం. లక్షల ఖరీదు చేసే కారులోని పెద్దమనిషీ ఆగాల్సిందే, సిటీబస్సులో పైకమ్మీ పట్టుకుని నిలబడ్డ ఇల్లాలూ ఆగాల్సిందే. పైకి న్యాయంగానే ఉంది. కాస్త లెక్క వేసి చూడండి. రద్దీ వేళ బస్సులో అరవై మంది ఉంటారు. ఆ బస్సు పట్టే జాగాలో మూడు కార్లు పడతాయనుకుందాం. ఒక్కో కారులో చాలాసార్లు ఒక్కరే! అంటే ముగ్గురికి దక్కిన చోటే అరవై మందికీ దక్కిందన్నమాట. పెళ్లిపంక్తిలో ఒకాయన ఇరవై విస్తళ్లు ముందు పరుచుకు కూర్చుంటే ఊరుకుంటామా? రోడ్డు మీద మాత్రం దాన్ని హోదా అంటున్నాం.

సింగపూర్ చోటు తక్కువ, జనం ఎక్కువ ఉన్న దేశం. 1975 జూన్‌లో అక్కడొక పద్ధతి పెట్టారు. ఉదయం రద్దీ వేళ నగరం నడిబొడ్డుకు రావాలంటే కారుకు రోజుకు మూడు సింగపూర్ డాలర్లు కట్టాలి. బస్సుకు అక్కర్లేదు. నలుగురెక్కిన కారుకూ అక్కర్లేదు. దాంతో కొందరు బస్‌స్టాపుల దగ్గర కారాపి, ముక్కూమొహం తెలియనివాళ్లను ఎక్కించుకోసాగారట! డబ్బు మిగుల్చుకోవడానికే కావచ్చు, ఖాళీ సీటు మరొకరికి పనికొచ్చిందా లేదా? 1989లో ఆ మినహాయింపు తీసేశారు. 2003లో లండన్ కూడా కార్లకు రోజుకు ఐదు పౌన్ల రుసుము పెట్టింది.

“డబ్బున్నవాడు కట్టేసి దర్జాగా పోతాడు, ఇదేం న్యాయం?” అంటారా? అడగవలసిన మాటే. దారి అంగట్లో సరుకు కాదు. కానీ ఇప్పుడు మాత్రం దారి ఊరికే వస్తోందా? సొమ్ముగా కాకపోతే కాలంగా చెల్లిస్తున్నాం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టు ఇస్తున్నారు. సంతోషమే. అమీర్‌పేటలో కార్ల మధ్య ఇరుక్కున్న బస్సులో ఆవిడ పోగొట్టుకునే ముప్పావుగంటకు జీరో టికెట్టు ఎవరిస్తారు? ఆ ముప్పావుగంట పిల్లవాడి చదువుది, రాత్రి వంటది, ఆవిడ కాసేపు నడుం వాల్చుకోవలసినది.

కారున్నవాళ్లంతా స్వార్థపరులని కాదు సుమా! కాళ్లు కదలని పెద్దావిడకు, రాత్రివేళ ఒంటరిగా వచ్చే అమ్మాయికి కారు అవసరమే. అలాంటివాళ్లకు మినహాయింపు ఉండాల్సిందే.

నాకు తోచేదేమిటంటే, రుసుము న్యాయమో కాదో వసూలు చేసిన చోట తేలదు, ఖర్చు పెట్టిన చోట తేలుతుంది. లండన్‌లో ఆ రాబడిని రవాణాకే వెచ్చించాలని చట్టంలో రాసుకున్నారు. ఆ డబ్బుతో బస్సులు పెరిగి, వాటికి విడిగా దారి ఏర్పడితే, కారాయన కట్టింది జరిమానా కాదు, అరవై మందికి తీర్చిన బాకీ. బస్సుల సంగతి గాలికొదిలి రుసుము మాత్రం వసూలు చేస్తే, అందరి దారినీ కొందరికి అమ్మేసినట్టే.

వాహనాలను లెక్కపెట్టడం మాని మనుషులను లెక్కపెడితే, పచ్చదీపం ముందు ఎవరికి వెలగాలో మన ఇళ్లలో పిల్లలైనా చెప్పగలరు. ఏమంటారు?