వాకిట వ్రాలిన మయూరము

మధురవాడకు చేరువనున్న కంబాలకొండ అభయారణ్యము సుమారు 71 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గలది. ఇండ్లు కొండవాలు వఱకు ప్రాకినవి గనుక, నెమళ్లు వేకువనే మా ప్రహరీలపై వ్రాలుచుండును. ఒక గృహస్థు వానికి గింజలు చల్లును. పొరుగువాడు బెండమొలకలు పాడయ్యెనని కఱ్ఱ యెత్తును. వీరిలో ధర్మమెవ్వరిది?

కఱ్ఱ సంగతి సులభముగనే తేలును. 1963లో జాతీయపక్షిగా ప్రకటింపబడిన నెమలిని హింసించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరము. శాస్త్రదృష్టిచేతను పాపమే. శ్రీమద్రామాయణ ఉత్తరకాండమున, మరుత్తుని యజ్ఞవాటికకు రావణుడు రాగా ఇంద్రుడు భీతిల్లి మయూరరూపము దాల్చెను. రావణుడు మరలిన పిదప, కృతజ్ఞుడై తన వేయికన్నులను దాని పింఛమున నిలిపి, సర్పభయము లేకుండ వరమొసగెను. దేవేంద్రుడే ఋణపడిన పక్షికి, దాని కొండవాలున ఇల్లు కట్టుకొన్న మనము ఋణపడమా?

మఱి గింజలు చల్లుట భూతయజ్ఞము కాదా? నేనును అట్లే తలచి ప్రతిదినము నూకలు చల్లితిని. మనుష్యభయము వీడిన ఒక నెమలి మా గుమ్మము ముందే వీధికుక్కల వాతబడినది. అపుడు నన్ను నేనే ప్రశ్నించుకొంటిని: ఆ నూకలు దాని ఆకలికా, దాని నాట్యము చూడగోరిన నా కన్నులకా? భూతబలి నొసగు గృహస్థు ప్రతిఫలము కోరడు. నేను కోరితిని, మూల్యము అది చెల్లించినది.

కావున మొలకలపై వల కప్పుడు, పెంపుడుకుక్కను కట్టివేయుడు, కొండపొదలను నఱకకుడు. పిలువక, తరుమక, దాని త్రోవను దానికి విడుచుటయే నేటి మన భూతయజ్ఞము. కుమారస్వామి వాహనము మన వినోదమునకై పుట్టలేదు.