ఆ వేరు పొడి డాక్టరమ్మకు చూపించు

అమ్మాయీ,

గిద్దలూరులో ఎవరి దగ్గరో నల్లమల వేరు పొడి కొని అమ్మకు పెడుతున్నావట. కీమో ఎక్కించిన రోజు కూడా ఆపలేదట. నిన్ను కోప్పడను. కన్నతల్లి వాంతులతో కుమిలిపోతుంటే ఏ కూతురు చూస్తూ ఊరుకుంటుంది? కానీ పెద్దమ్మగా చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

చెట్టు మందంటే నాకూ గౌరవమే. అమ్మకొచ్చిన ఈ గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ఎవరికైనా తిరగబెడితే సిస్‌ప్లాటిన్‌కు జతగా ఇచ్చే పాక్లిటాక్సెల్ కూడా యూ అనే చెట్టు బెరడులో దొరికిందే. మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణీ, అమెరికా శాస్త్రవేత్త మన్రో వాల్‌తో కలిసి దాని సంగతి 1971లో లోకానికి చెప్పాడు. అంతకుముందే, 1966లో, వాళ్లు ఒక చైనా చెట్టు నుంచి క్యాంప్టోథెసిన్ తీశారు. తీసినదాన్ని పెద్దగా మార్చకుండా రోగులకు ఇస్తే మూత్రకోశం దెబ్బతిని రక్తం పడింది, ఆపేశారు. దాన్నే మార్చి టోపోటెకాన్ చేశారు. సిస్‌ప్లాటిన్‌తో కలిపి ఈ జబ్బుకు వాడటానికి అమెరికాలో అనుమతి వచ్చేసరికి 2006 అయింది. నలభై ఏళ్లమ్మా! మన వాకిట్లో బిళ్ళగన్నేరుదీ అదే కథ. క్వింటాళ్ల ఆకు నుంచి గ్రాముల్లో తీసే మందు రక్త క్యాన్సర్లకు ప్రాణం పోస్తుంది. ఆకు నూరి తాగితే ఒంటికి చేటు.

అమ్మకు కీమోలో ఎక్కించే సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద పడే మందు. అందుకే ముందు సెలైన్లు ఎక్కిస్తారు, క్రియాటినిన్ చూస్తారు. నువ్వు తెచ్చిన పొడిలో ఏ వేరుందో నీకు తెలుసా? పాముకాటుకని మనవాళ్లు దాచుకునే ఈశ్వరి వేరు కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్‌నూ తెస్తుంది. క్రియాటినిన్ పెరిగితే కీమో ఆగుతుంది. కీమోతో పాటు పెట్టే రేడియేషన్, అంటే బయటి కరెంటు, లోపలి కరెంటు, అన్నీ కలిపి ఎనిమిది వారాల్లో పూర్తవ్వాలి. ఆలస్యమైన కొద్దీ గడ్డ మళ్లీ పుంజుకుంటుంది.

పసుపు కూరలో ఎప్పటిలాగే వెయ్యి. పసుపు గోళీలు మాత్రం డాక్టరమ్మను అడక్కుండా వద్దు. ల్యాబ్‌లో గాజు గిన్నెలో ఉన్న క్యాన్సర్ కణాలను పసుపులోని కర్క్యుమిన్ చంపిన మాట నిజమే. కానీ తిన్న పసుపులోంచి రక్తంలోకి చేరేది బహు తక్కువ. అందుకని మిరియాల సారం కలిపి అమ్ముతారు. ఆ సారం కొన్ని మందులను లివరు విరిచే పనికి అడ్డుపడుతుంది. అప్పుడు డాక్టరు కొలిచి ఇచ్చిన మోతాదు ఒంట్లో లెక్క తప్పుతుంది.

సోమవారం గుంటూరు రైలెక్కేటప్పుడు ఆ పొడి పొట్లం, పసుపు గోళీలుంటే ఆ డబ్బా సంచిలో వేసుకో. డాక్టరమ్మ ముందు పెట్టు, తిడుతుందని దాచకు. వాంతులు తగ్గట్లేదని మొహమాటపడకుండా చెప్పు. వాటికి మంచి మందులున్నాయి, ఒకటి పనిచెయ్యకపోతే ఇంకోటి ఇస్తారు. నీకూ ముప్పై దాటాయి కదా, అక్కడే నువ్వూ గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకుని రా.