మొదట ఏది అడుగుతున్నాం?

పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్తగా నేర్చుకునేవాళ్ల చేత తరచూ రాయించే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. విద్యార్థి మార్కులు ఇస్తే ఫలితం చెప్పాలి. ఇఫ్‌లో మొదటి షరతు: 35 గానీ అంతకు మించి గానీ వస్తే ‘పాస్’. దాని కింద ఎల్స్‌ఇఫ్: 60 గానీ ఆపైన గానీ వస్తే ‘ఫస్ట్ క్లాస్’. ఏదీ కాకపోతే ఎల్స్: ‘ఫెయిల్’. చదువుతుంటే అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది. 92 ఇచ్చి నడిపి చూడండి, ‘పాస్’ అనే వస్తుంది. నూటికి నూరు తెచ్చుకున్నా అంతే. ఆ ప్రోగ్రామ్‌లో ఎవరికీ ఎన్నటికీ ఫస్ట్ క్లాస్ రాదు.

పీహెచ్‌పీ షరతుల్ని పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మొదట ఏది నిజమైతే ఆ పని చేసేసి, కింద ఉన్నవాటి జోలికి పోదు. 92 అంటే 35కు మించినదే కదా, అక్కడితో సరి. సెమికోలన్ మరిచిపోతే పార్స్ ఎర్రర్ అంటూ లైన్ నంబరుతో సహా నిలదీసే భాష, వరుస తప్పినందుకు పల్లెత్తు మాట అనదు. ఇలా షరతులు చూడటానికే 2020లో పీహెచ్‌పీ 8తో వచ్చిన ‘మ్యాచ్’ కొంచెం కచ్చితమైనది. ఏ షరతూ కలవక, డిఫాల్ట్ కూడా లేకపోతే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. వరుస తప్పును మాత్రం అదీ పట్టుకోదు. ఏది ముందు అడగాలో తేల్చుకోవాల్సింది రాసేవాళ్లే.

మనం కూడా చాలా విషయాల్లో తేలిక ప్రశ్నను పైన పెట్టుకుని బతికేస్తుంటాం. ‘ఎలాగోలా గడుస్తోందా?’ అని అడుగుతాం. అవుననే జవాబు వస్తుంది. దాంతో ‘బాగుందా?’ అన్న ప్రశ్నకు వంతు రాదు. ఊళ్లో ఉన్న అమ్మకు రాత్రి ఫోన్ చేస్తాం. అన్నం తిన్నావా, మాత్రలు వేసుకున్నావా? రెండింటికీ ‘ఆఁ’ అంటుంది. సరే, ఉంటానమ్మా అని పెట్టేస్తాం. పగలంతా నీకు పొద్దెలా పోతోందమ్మా అన్న మాట నోటిదాకా రాదు. అడిగిన వాటన్నిటికీ మంచి జవాబే వచ్చింది కాబట్టి లోటు జరిగినట్టు ఇద్దరికీ అనిపించదు. తప్పు జరిగినట్టు తెలిస్తే దిద్దుకుంటాం. ఇక్కడ తెలిసే దారే లేదు.

ప్రోగ్రామ్‌ను సరిచేయడానికి కొత్త షరతేమీ అక్కర్లేదు. 60ని పైకి జరిపి, 35ను దాని కిందికి దించితే చాలు. అప్పుడు 92కి దక్కాల్సింది దక్కుతుంది, 40 వచ్చినవాడూ ఎప్పటిలాగే పాసవుతాడు. పెద్ద ప్రశ్న ముందు వేసుకుంటే బతుకు కఠినమైపోతుందని జంకుతాం గానీ, అందులో నెగ్గకపోయినా కింద చిన్న ప్రశ్న కాచుకునే ఉంటుంది. పోయేదేమీ లేదు.

కాబట్టి ‘గడుస్తోందా’ను కొట్టేయకండి. కష్టకాలంలో అదే ఆదుకుంటుంది. దాన్ని ఒక్క లైను కిందికి దించి, ‘బాగుందా’ను ముందు అడగండి.