అవసరం ఎవరిది?

మా మేనకోడలు బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాదిలో ఉండగా సంక్రాంతి సెలవులకు ఊరికొచ్చింది. కాలేజీలో చదివే ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో పెట్టి, "మామా, బీడీ అంటే ఏంటో చెప్పు చూద్దాం" అంది. మీ తాత చెవి సందున పెట్టుకునేది అన్నాను. పడీ పడీ నవ్వింది. మందుల చీటీలో బీడీ అంటే రోజుకు రెండుసార్లట. టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్ఎస్ అంటే పడుకునే ముందు. తీరా చూస్తే అవి ఇంగ్లీషు కూడా కాదు, లాటిన్ మాటల పొట్టి రూపాలు. డాక్టరు రాస్తాడు, నర్సు చదువుతుంది, మందుల షాపతను ఇస్తాడు. ఆ మందు మింగే మనిషికి తప్ప అందరికీ అర్థమవుతుంది.

ఇలా ఒక ఉద్యోగానికి పనికొచ్చే ఇంగ్లీషును విడిగా నేర్పే పద్ధతి ఇప్పుడు కాలేజీల్లో, యూనివర్సిటీల్లో బాగా నడుస్తోంది. నర్సుకు ఒక రకం, ఇంజనీరుకు ఒక రకం, హోటల్ పనికి వెళ్లేవాళ్లకు ఇంకో రకం. 1987లో హచిన్సన్, వాటర్స్ అనే ఇద్దరు దీని మీద రాసిన పుస్తకం ఇప్పటికీ చాలామందికి ఆధారం. పాఠం తయారుచేసే ముందు పని ఏమి కోరుతోంది, విద్యార్థికి ఏమి రాదు, విద్యార్థి ఏమి కావాలనుకుంటున్నాడు అనే మూడూ చూడమన్నారు. మంచి మాటే. నేను డీఎడ్ చదివి బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, యూనివర్సిటీ గడపలో నాకు పనిలేదు. కానీ అక్కడ కూర్చునే మన పిల్లల చేత మొదటి అక్షరాలు దిద్దించింది మనలాంటి పంతుళ్లమే. అందుకని ఒక్కటి అడుగుతాను. ఆ మూడు అవసరాల్లో, మంచం మీద పడుకుని ఉన్న రోగి అవసరం ఎక్కడుంది?

ఆ పిల్ల శిక్షణలో జరిగిన సంగతి ఒకటి చెప్పింది. డాక్టరు వార్డులో గబగబా నడుస్తూ ఒక మందు మోతాదు చెప్పాడు. ఫిఫ్టీనా, ఫిఫ్టీనా? పదిహేనా, యాభయ్యా? పిల్లకి సరిగ్గా వినపడలేదు. పుస్తకంలో "ఎస్ డాక్టర్" ఉంది, "సారీ డాక్టర్" ఉంది. "మళ్లీ ఒకసారి చెప్పండి, నాకు అనుమానంగా ఉంది" అనే వాక్యం దానికి ఎవరూ నేర్పలేదు. చివరికి సీనియర్ నర్సును పట్టుకుని తెలుగులో అడిగింది. ఇంగ్లీషు రానిదానివి ఈ చదువుకెందుకొచ్చావని తిట్లు తిన్నది. కానీ అడిగింది, మోతాదు సరిగ్గా వెళ్లింది. అడగకుండా ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. తలూపే ఇంగ్లీషు నేర్పి, ప్రశ్నించే ఇంగ్లీషు నేర్పకపోతే దాన్ని ఉద్యోగానికి పనికొచ్చే చదువని ఎలా అంటాం?

డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మిత్రుడితో ఈ మాటే అన్నాను. "సార్, వారానికి రెండు మూడు క్లాసులు. ముందు పిల్ల ఇంటర్వ్యూలో నిలబడాలి. జీతం చేతికొచ్చాక మిగతావన్నీ అదే నేర్చుకుంటుంది" అన్నాడు. అతని మాట తీసిపారేయలేను. ఇంగ్లీషు వద్దు, అడవే ముద్దు అని కవిత్వం చెప్పడానికి నేను సిద్ధంగా లేను. అలా చెప్పేవాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో మనందరికీ తెలుసు. అయితే ఒకటి గమనించాను. విదేశాలకు వెళ్లే నర్సులు రాసే ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్టులో రోగి పాత్ర వేసే మనిషి ఎదురుగా ఉంటారు. రోగి భయాన్ని విన్నదా, తేలిక మాటల్లో చెప్పిందా, అర్థమైందో లేదో కనుక్కున్నదా అని కూడా చూసి మార్కులు వేస్తారు. అంటే ఆస్ట్రేలియా ముసలమ్మకు అర్థమయ్యేలా చెప్పడం మన పిల్ల కష్టపడి నేర్చుకుంటుంది. మన గూడెం ముసలమ్మకు చెప్పడం ఏ సిలబస్‌లోనూ లేదు.

ఇక్కడ తప్పు యూనివర్సిటీ మీదికి నెట్టేసి నేను చేతులు దులుపుకోలేను. ఒక కోయ అవ్వ వార్డులో "ఏరు, ఏరు" అంటోందట. మన కోయలో ఏరు అంటే నీళ్లని మీకు తెలుసు. పక్కనున్న ఆయా, ఊళ్లో వాగు గుర్తొచ్చి కలవరిస్తోంది అనుకుంది. నా మేనకోడలికి అర్థమైంది. గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. కానీ నోరు తెరిచి కోయలో ఒక్క ముక్క మాట్లాడలేదు. "అందరూ చూస్తున్నారు మామా, సిగ్గేసింది" అంది. ఆ సిగ్గు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, క్లాసులో కోయ మాట్లాడిన పిల్లల్ని నేను బెంచీ ఎక్కించాను. వాళ్ల మంచికే అనుకున్నాను. ఆ పిల్లల్లో ఇదీ ఉంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పాఠాలు మొదలయ్యే దాకా, మన మాటకు బడిలో చోటుండవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

జైపాల్ సింగ్ ముండా ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. ఆయన ఇంగ్లీషు ముందు ఆనాటి దొరలు కూడా ఆగి వినాల్సిందే. ఐసీఎస్‌కు ఎంపికై దాన్నీ వదులుకున్నాడు. 1949లో రాజ్యాంగ సభలో భాషల చర్చ వచ్చినప్పుడు ముండారీ, గోండీ, ఓరాన్ భాషలను రాజ్యాంగ షెడ్యూలులో చేర్చమని ఆ ఇంగ్లీషులోనే అడిగాడు. చేర్చలేదు, అది వేరే కథ. ఉద్యోగం కోసం నేర్చుకున్న ఇంగ్లీషును ఆయన ఎవరి కోసం ఖర్చుపెట్టాడో చూడండి. మన పిల్లలందరూ జైపాల్ సింగ్‌లు కావాలని కాదు. వార్డులో అవ్వకూ డాక్టరుకూ మధ్య నిలబడి రెండు వైపులా మాట్లాడగలిగితే నాకు అదే గొప్ప.

మొన్న ఎండాకాలం సెలవుల్లో నేనూ మేనకోడలూ ఒక నోటుబుక్కు మొదలుపెట్టాం. పేజీకి మూడు గళ్లు: ఇంగ్లీషు, తెలుగు, కోయ. జ్వరం, ఆయాసం, కాన్పు నొప్పులు వరకు మూడో గడి చకచకా నిండింది. బయాప్సీ దగ్గర ఆగిపోయాం. మా అమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. వెళ్లి అడిగాం. అదేంటో తెలిస్తేగా పేరు చెప్పేది అంది. ఒంట్లోంచి చిన్న ముక్క కోసి తీసి, లోపల జబ్బు ఉందేమో అద్దాల కింద పెట్టి చూస్తారని పిల్ల విడమరిచి చెప్పింది. సిగ్గుపడకుండా కోయలోనే చెప్పింది. దానికి ముందు ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద వేలిముద్ర తీసుకుంటారని కూడా చెప్పింది.

మా అమ్మ చెయ్యి ఆపింది. "కాగితం సంగతి సరే. కోస్తామని ఆ మనిషికి చెప్పి, ఆమె సరేనన్నాకే కోస్తారా?" అంది.

పిల్ల నా మొహం చూసింది. బయాప్సీ ఎదురుగా మూడో గడి ఇంకా ఖాళీగానే ఉంది.