అది మందు కాదు, రోగం

తారిఖ్ బిన్ సువైద్ (రజి) అనే సహాబీ మద్యం తయారీ గురించి దైవప్రవక్త (స)ను అడిగారు. ఆయన వారించారు. వైద్యం కోసమే చేస్తున్నానని తారిఖ్ (రజి) విన్నవించుకోగా, అది ఔషధం కాదని, అదే ఒక రోగమని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు (సహీహ్ ముస్లిం).

సోదర సోదరీమణులారా! మన తెలుగు వాడుకలో ఔషధాన్నీ 'మందు' అంటాము, మద్యాన్నీ 'మందు' అంటాము. ఆ ఒక్క మాట చాటునే షైతాన్ మన ఇళ్లలోకి దారి వెతుకుతున్నాడు.

కాటారం, మహదేవ్‌పూర్ వైపు పల్లెల్లో ఎండాకాలం తునికాకు పనికి, కూలి పనికి వెళ్లేవారు చెమటోడ్చి, సరిగా నీళ్లు తాగక కిడ్నీ రాళ్ల బారిన పడుతుంటారు. నడుము పక్కన పోటు మొదలవగానే, రోజుకో బీరు తాగితే రాయి కరిగిపోతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నమాజు చేసే ఇళ్లలోనూ ఈ మాట వినిపిస్తోంది. వైద్యం కోసమైతే గునాహ్ కాదు కదా అని మమ్మల్ని అడుగుతుంటారు.

ముందుగా ఆ పానీయం చేసే పనేమిటో చూద్దాము. అల్లాహ్ మనకు అమానతుగా ఇచ్చిన మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, ఒకటిన్నర, రెండు లీటర్లే మూత్రంగా పంపి, మిగిలినదంతా తిరిగి శరీరానికి అప్పగిస్తాయి. నీటిని ఇలా కాపాడమని మెదడు నుండి వాసోప్రెసిన్ అనే హార్మోను ఆజ్ఞ తెస్తుంది. మద్యంలోని ఇథనాల్ ఆ హార్మోనును అణచివేస్తుంది. అందుకే మూత్రం ధారగా వస్తుంది. తాగినవాడు రాయి కొట్టుకుపోతోందని సంతోషిస్తాడు. నిజానికి పోతున్నది శరీరానికి అవసరమైన నీరు. ఆ తర్వాత మూత్రం చిక్కబడుతుంది. పైగా బీరులోని ప్యూరిన్లు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. కొన్ని రకాల రాళ్లకు అదే మూలం. ఎక్కువమందిలో ఉండేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. అవి బీరుకు కరగవు. చిన్న రాయి చాలాసార్లు దానంతటదే పడిపోతుంది, పేరు మాత్రం బీరుకు దక్కుతుంది.

బీరు తాగేవారిలో రాళ్లు తక్కువని విదేశీ సర్వేలు కొన్ని చెప్పాయి కదా అని చదువుకున్నవారు అడగవచ్చు. అవి కొత్త రాళ్లు ఏర్పడటం గురించిన మాటలు, ఉన్న రాయిని కరిగించడం గురించి కాదు. బీరులో 90 శాతానికి పైగా నీరే. ఆ నీరు మన బోరింగు దగ్గర హలాల్‌గా దొరుకుతుంది! మద్యంలో కొంత లాభం ఉన్నా, దాని పాపం లాభం కన్నా పెద్దదని దివ్యఖుర్ఆన్ (అల్ బఖర: 219) ముందే తేల్చింది. ఆపై అల్ మాయిద 90వ ఆయతులో పూర్తిగా నిషేధించింది.

కల్లు చెట్టు నుండి వచ్చిందే కదా అనేవారు 2025 జూలైని గుర్తుచేసుకోవాలి. హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవారు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు మరణించారు. కిడ్నీలు దెబ్బతిని నిమ్స్‌లో కొందరికి డయాలసిస్ చేయవలసి వచ్చింది. ఆ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిసినట్టు పరీక్షల్లో తేలింది. ఒంట్లో నీరు పోయి రక్తపోటు పడిపోతే మూత్రపిండాలకు రక్తం అందదు, అవి పనిచేయడం మానేస్తాయి.

ఇక షరీఅత్ మాట. ప్రాణం పోయే స్థితిలో, మరో దారి లేనప్పుడు ఇచ్చే మినహాయింపు వేరు. ఇక్కడ నీళ్లున్నాయి, మందులున్నాయి, ఆపరేషన్లున్నాయి. వైద్యం చేయించుకోండి కాని హరామ్‌తో చేసుకోకండి అన్నది దైవప్రవక్త (స) బోధన (అబూదావూద్).

కాబట్టి ఎండలో పనిచేసేవారు నీళ్ల సీసా వెంట ఉంచుకోవాలి, మూత్రం తెల్లగా వచ్చేంతగా తాగాలి. కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత పాటించాలి. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తల్లులారా! నొప్పితో మెలికలు తిరిగే బిడ్డ చేతికి ప్రేమతో కూడా ఆ సీసా అందించకండి. నొప్పి పోయాక అలవాటు మిగిలిపోతుంది. తాగే పొరుగువారిని ఎగతాళి చేయక, ఈ విషయం వారికీ మృదువుగా చెప్పండి.

అల్లాహ్ మన రోగులకు హలాల్ మార్గంలో స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.