ఎవరిదీ కాని గుల్ల

ఒడ్డున పడి ఉన్న గుల్ల ఎవరిది? ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుందామని విశాఖ దగ్గరి భీమిలి తీరంలో సంచీ నింపుకునే మనిషికి ఈ అనుమానం రాదు. వంగి తీసుకున్నవాళ్ళదే గుల్ల. ఈ సంగతి పసిపిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1689లో అచ్చయిన పుస్తకంలో తత్వవేత్త జాన్ లాక్ దీన్నే సిద్ధాంతం చేశాడు: ఎవరిదీ కానిదానికి నా శ్రమ తోడైతే అది నాది, ఇతరులకు సరిపడా మంచిది మిగిల్చినంత వరకు. 1974లో మరో తత్వవేత్త రాబర్ట్ నోజిక్ దాన్ని ఆటపట్టించాడు. నా డబ్బాలోని టమాటా రసం సముద్రంలో కలిపేస్తే సముద్రం నాదవుతుందా, రసం దండగ చేసుకున్నట్టా? అక్వేరియం మనిషి దీన్ని తిరగేస్తాడు. సముద్రాన్నే తెచ్చి గాజుపెట్టెలో పోసుకుంటాడు.

ఇసుక దగ్గర అతనికి చుక్కెదురవుతుంది. అక్వేరియానికి మేలైనది పగడాలూ గుల్లలూ నలిగిన సున్నపు ఇసుక. నీటిలో ఆమ్లగుణం పెరగకుండా అది కొంత కాస్తుంది. విశాఖ తీరపు ఇసుక వేరు. తూర్పు కనుమల రాళ్ళు అరిగి దిగివచ్చిన క్వార్ట్జ్, ఎర్రని గార్నెట్, ఇనుము కలిసిన నల్లని ఇల్మనైట్. అంటే సముద్రమనుకుని సంచీలో మోసుకెళ్ళేది చాలావరకు కొండ! ఎవరిదీ కాదనుకున్నదానికి ఇంత వంశవృక్షం ఉండటం నాకు భలే నచ్చింది.

గుల్ల సంగతి ఇంకా చిక్కు. హెర్మిట్ క్రాబ్ అనే పీతకు వెనక భాగం మెత్తన. చచ్చిన నత్త గుల్లలో దూరి బతుకుతుంది, ఒళ్ళు పెరిగితే పెద్దది వెతుక్కుంటుంది. ఒక మంచి గుల్ల దొరికిందంటే కొన్ని జాతుల పీతలు పెద్దా చిన్నా వరసగా చేరతాయి. ఒకటి విడిచింది ఇంకొకటి తొడుక్కుంటుంది. ఒక్క గుల్లతో నాలుగైదు కాపురాలు మారిపోవచ్చు. లాక్ అన్న ‘ఇతరుల’లో ఇవి ఉన్నాయా? స్పెయిన్‌లో ఒక బీచ్‌ను ముప్పై ఏళ్ళ ఎడంతో పరిశీలిస్తే, పర్యాటకులు దాదాపు మూడింతలయ్యారు, గుల్లలు సగానికి పైగా తగ్గాయి. అందులో ఏరిన చేతుల వాటా ఎంతో, తీరం ఊడ్చే యంత్రాల వాటా ఎంతో విడదీయడం కష్టం. మన 1972 వన్యప్రాణి చట్టం పగడాలనూ కొన్ని శంఖాలనూ కాపాడుతుంది, మామూలు గుల్లల జోలికి రాదు.

అలాగని ఏరుకునేవాళ్ళని దురాశపరులనలేను. చేతిలోకి తీసుకోకుండా దేన్నైనా ప్రేమించడం మనిషికి చేతనవునా? దూరం నుంచి చూసి వెళ్ళిపొమ్మనే ఉపదేశం మీద నాకు నమ్మకం తక్కువ. పైగా తెచ్చుకున్నవాళ్ళకి చాకిరీ తప్పదు. నీరు ఆవిరైనా ఉప్పు మిగులుతుంది కాబట్టి తగ్గినంతా మంచినీళ్ళే పోయాలి. కరెంటు పోతే పంపు ఆగుతుంది, చేపలకు ఊపిరి కష్టమవుతుంది. గాలీ కెరటాలూ ఊరికే చేసిన పని ఇప్పుడు ఇంటి యజమాని నెత్తిన పడింది. ఇంత సేవ చేశాక గుల్ల అతనిదైపోతుందా, అతనే దానివాడవుతాడా?

ఇంకో తిరకాసుంది. పెట్టెలో పీతను పెంచేవాళ్ళు కాస్త పెద్ద ఖాళీ గుల్లలు దాని పక్కన ఉంచుతారు. లేకపోతే అది బతికున్న నత్తను చంపి ఆ ఇల్లు లాక్కోవచ్చు. అంటే నత్త ప్రాణం నిలబెట్టాలంటే తీరం నుంచి మరో గుల్ల తేవాలి. కొట్లో కొనుక్కోవచ్చు, నిజమే. ఆ కొట్టువాడికి మాత్రం ఎక్కడిది?